తొక్క పట్టిన రంగు

అప్పలసూరి ఎవర్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. సంతలో గుమ్మడికాయ కొన్నా గోటితో గిల్లి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి, పక్క దుకాణంలో ఇంకోటి తట్టి, మళ్ళీ మొదటిదాని దగ్గరికే వస్తాడు. వాన పడుతోందని ఎవరైనా చెబితే చూరు కిందనుంచి చెయ్యి చాపి చూసుకుని గానీ గొడుగు తియ్యడు. మాట బహు పొదుపు. అడిగినదానికి అవుననో కాదనో అంటాడు. అడగనిదానికి ఆ రెండూ అనడు. చూపు మాత్రం నిలకడైనది. ఒకచోట గంట కూర్చున్నాడంటే అక్కడ చీమలబారు ఎటు పోయిందో సాయంత్రం చెప్పగలడు.

అలాంటివాడికి పొలం ఈదుల గెడ్డ అనే వాగు చిట్టచివర వచ్చింది. పైనున్న పదకొండుమంది రైతులూ మళ్ళించుకోగా మిగిలిన నీళ్ళే అతని మడిలోకి దిగుతాయి. తోక మీదున్నవాడికి నీళ్ళు ఆఖర్న వస్తాయి. నీళ్ళలో కొట్టుకొచ్చే పాపం మాత్రం అంతా వచ్చి అక్కడే ఆగుతుంది.

ఊరు ఈదులవలస. సాలూరు లారీల మోత వినబడేంత దూరంలోనే ఉంటుంది గానీ ఆ లారీలేవీ ఊళ్ళోకి రావు. గెడ్డకి ఎగువన తిరుమలరావు షెడ్డు. తిరుమలరావూ ఆ ఊరివాడే. గోగునార సంచులు కుట్టించి, రంగులద్దించి పట్నాలకి పంపిస్తాడు. పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టిచ్చే సంచులవి. మాఘమాసం ముందు గెడ్డ ఎర్రగా పారేది. శ్రావణం ముందు చిలకపచ్చగా పారేది. మిగతా రోజుల్లో కమిలిన వంకాయ రంగు. గెడ్డ రంగు చూసి పెళ్ళి ముహూర్తాలు చెప్పెయ్యొచ్చని జగన్నాధం వేళాకోళమాడేవాడు. జగన్నాధం అప్పలసూరి పెళ్ళాం చిన్నతల్లికి స్వయానా అన్న. బావని ఆట పట్టించడానికే పుట్టానని చెప్పుకుంటాడు.

రెండేళ్ళ కిందట వానలు వెనకబట్టాయి. గత్యంతరం లేక అప్పలసూరి గెడ్డ నీళ్ళే ఆకుమడికి, అదే నారుమడికి, పెట్టాడు. మూడోనాటికి మొలక కొసలు మాడాయి. ఆరోనాటికి పీకి చూస్తే వేరు నల్లగా, జారుగా ఉంది. పొరుగూరు పోయి నారాకు అడుక్కుని ఆలస్యంగా ఉభాల నాట్లు పూర్తి చేశాడు. ఆ ఏడు కళ్ళంలో ధాన్యం కంటే తాలు ఎక్కువ. అప్పుడతను ఎవరితోనూ గొడవపడలేదు. సీసాలో ఎర్రనీళ్ళు పట్టుకుని, దానికి గుడ్డ చుట్టి, అధికారుల దగ్గరికి వెళ్ళి బల్ల మీద పెట్టాడు. ఏటని అడిగితే గుడ్డ విప్పాడు. అలా నాలుగుసార్లు వెళ్ళాక, మరుసటి కార్తీకంలో షెడ్డు మూయించారు. నీళ్ళు శుభ్రమయ్యే ఉపాయం చూపించి, గెడ్డ కింద రైతులందరి చేతా ఒప్పుదల కాయితం మీద సంతకాలు పెట్టిస్తేనే మళ్ళీ తెరవాలన్నారు.

షెడ్డులో పని చేసేది ఊరి ఆడవాళ్ళే. అది మూతపడ్డ దగ్గర్నుంచి అప్పలసూరి బోరింగు దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. పదకొండుమంది సంతకాలు పెట్టేశారు. పన్నెండో గీత ఖాళీగా ఉంది.

ఆ పరిస్థితిలో, మామిడికాయలు దిగే రోజుల్లో, అరుణశ్రీ అనే పిల్ల స్కూటీ మీద వచ్చింది. విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతోందట. తిన్నగా తాండ్ర కళ్ళం దగ్గరికి వెళ్ళి, మామిడి తొక్కలు కావాలంది.

తాండ్ర కావాలని వచ్చేవాళ్ళున్నారు. తొక్క కావాలని అడిగినవాళ్ళు లేరు. ఏటేటా రెండు నెలలపాటు ఆడవాళ్ళు పళ్ళు పిండి రసం చాపల మీద పరుస్తుంటే, తొక్కలూ టెంకలూ పక్కన గుట్టలు పడతాయి. సాయంత్రం ఎవరి తట్ట వాళ్ళు నింపుకుని ఇంటికి పట్టుకెళ్ళి, పొలానికి ఎరువయ్యే గత్తం కుప్ప మీద పోస్తారు. ఈదులవలసలో ఆడది పనినుంచి ఖాళీ తట్టతో ఇంటికి రావడమంటే నామర్దా. ఆకో, అలమో, పేడకడో ఏదో ఒకటి తట్టలో ఉండాలి. కుప్ప ఎంత ఎత్తుంటే ఇల్లాలు అంత మంచిదని లెక్క. చిన్నతల్లి కుప్ప ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు. దాని మీద ఆవిడ రోజూ చేట అడ్డం పట్టుకుని సన్నగా బూడిద జల్లుతుంది, ముగ్గేసినట్టు, ఒక వాటంలో.

ఆ పిల్ల తొక్కల్ని ఎండబెట్టించింది. సున్నపు తేటలో కడిగించి మళ్ళీ ఎండబెట్టించి, మరలో నలగ్గొట్టించింది. షెడ్డు వెనక మూడు నీలం డ్రమ్ములు మెట్లలా ఒకదాని కింద ఒకటి నిలబెట్టి, అడుగున గులకరాళ్ళు, ఆ పైన ఇసక, ఆ పైన తొక్క నలుసు వేయించింది. పనికి తాండ్ర కళ్ళం ఆడవాళ్ళనే పెట్టుకుంది. వాళ్ళలో చిన్నతల్లి ఒకతె.

ఊరందర్నీ పిలిచి చూపించిన రోజున తిరుమలరావు నిమ్మరసం పంచాడు. పై డ్రమ్ములో బకెట్టుడు ఎర్రనీళ్ళు పోశారు. కాసేపటికి కింది డ్రమ్ము కుళాయిలోంచి కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు వచ్చాయి. గున్నమ్మ అనే ముసలామె చెంపలు వాయించుకుంది. తిరుమలరావు ఆ నీళ్ళు దోసిట పట్టి అందరి ముందూ మొహం కడుక్కున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మొహం కడుక్కున్నాడు గానీ పెదాలు బిగబట్టి కడుక్కున్నాడు. అది చూసింది అప్పలసూరి ఒక్కడే.

చేతిలో నిమ్మరసం గ్లాసు అలాగే ఉంచుకుని అతను పిల్ల దగ్గరికి వెళ్ళాడు.

"రంగు ఎటెల్లిపోనాది, పాపా?"

"తొక్కలోకి వెళ్ళింది మావయ్యా. తొక్క పట్టుకుంది."

"మరి ఆ తొక్క ఎటెల్తాది?"

అరుణశ్రీ అతన్ని తీసుకెళ్ళి షెడ్డు మూలనున్న సిమెంటు తొట్టి చూపించింది. మీద టార్పాలిన్ కప్పి ఉంది. వాడిన తొక్క అందులో పోస్తారు. ఆరాక గోనెల్లో కడతారు. అలాంటి చెత్త కాల్చే చోటు పట్నం అవతల ఉంది, పదిహేను రోజులకోసారి లారీ వచ్చి పట్టుకెళుతుంది. అదీ ఆమె చెప్పింది. షెడ్డుని నలభై రోజులు పరీక్షగా నడపమని అధికారులు అన్నారట. ఆ నీళ్ళు గెడ్డలోకి వదలకుండా షెడ్డు వెనక గుంటలోకి వదులుతారట. నలభయ్యో రోజున బడి వరండాలో సంతకాల మాట తేలుస్తారట.

అప్పలసూరి తలూపాడు. తలూపడమంటే ఒప్పుకోవడం కాదు, విన్నానని.

ఆ మర్నాటినుంచి అతను షెడ్డు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. నీళ్ళు వాసన చూశాడు, బ్లీచింగు కలిపారేమోనని. కలపలేదు. కర్ర దూర్చి డ్రమ్ము లోతు కొలిచాడు, దొంగ అడుగు ఉందేమోనని. లేదు. కుళాయి గొట్టం ఎక్కడినుంచి వస్తోందో చేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. అది డ్రమ్ములోంచే వస్తోంది. పిల్ల మధ్యాహ్నం భోజనం ఎవరింట్లో చేస్తోందో కనిపెట్టాడు. తిరుమలరావు ఇంట్లోనే. అది మాత్రం అతని మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఎవరి అన్నం తింటే వారి మాటే కదా నోట్లోంచి వచ్చేది.

చివరికి తనకి తెలిసిన పరీక్షే చేశాడు. మూడు గుప్పిళ్ళ విత్తనం మూడు గుడ్డల్లో మూట కట్టి, ఒకటి నూతినీళ్ళలో, ఒకటి ఎర్రనీళ్ళలో, ఒకటి డ్రమ్ము నీళ్ళలో నానబెట్టాడు. తీసి గడ్డి కప్పి బరువెట్టి, పొద్దుటా సాయంత్రం అవే నీళ్ళు చిలకరించాడు. మూడోనాడు విప్పితే ఎర్రనీళ్ళ మూట జిగురుగా, పుల్లటి వాసనతో ఉంది. నూతినీళ్ళ మూటలో తెల్లటి ముక్కులు వచ్చాయి. డ్రమ్ము నీళ్ళ మూటలోనూ వచ్చాయి. కాస్త పొట్టిగానే గానీ, నిండుగా.

చాలాసేపు ఆ మొలకల్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. అనుమానపు మనిషికి అనుమానం తీరితే ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

"ఏటి బావా, మొలకొచ్చిందా, మూర్ఛొచ్చిందా?" అన్నాడు దడి అవతల్నుంచి జగన్నాధం.

అయినా అప్పలసూరికి గెడ్డని నమ్మబుద్ధి కాలేదు. ఆ ఏడు ఆకుమడి పొలంలో పొయ్యలేదు. పశువుల సాల వెనక, నూతికి దగ్గరలో, పెరట్లోనే రెండు మడులు కట్టి విత్తనం జల్లాడు. నూతినీళ్ళు తోడి పోసుకుంటే ఎవడి దయా అక్కర్లేదు కదా అనుకున్నాడు. ఆ ఏటి పంటంతా ఆ రెండు మడుల్లోనే ఉంది. ఇంకో గింజ విత్తనం ఇంట్లో లేదు.

పదిహేనో రోజున రావలసిన లారీ ఇరవయ్యో రోజున వచ్చింది. లారీ ఊళ్ళోకి రావడమే వింత గనక అందరూ లారీని చూశారు. అప్పలసూరి గోనెల్ని చూశాడు. రోజూ రెండు గోనెల ఎండుతొక్క డ్రమ్ముల్లోకి వెళ్ళడం అతను కళ్ళారా చూస్తున్నాడు. నీళ్ళు తాగిన తొక్క ఉబ్బుతుందే గానీ తరగదు. లారీ ఎక్కిన గోనెలు పదిహేడు. టార్పాలిన్ ఎత్తి చూస్తే తొట్టి అడుగు కనిపిస్తోంది.

రంగు తొక్కలోకి వెళ్ళింది. మరి తొక్క ఎక్కడికి వెళ్ళింది?

తిరుమలరావే గెడ్డలో పోయిస్తున్నాడని అతనికి రూఢి అయిపోయింది. రోజూ తెల్లవారగానే కర్ర పట్టుకుని గెడ్డ గట్టున బయల్దేరేవాడు. ఇసక తిప్పలు పొడిచాడు. ఈతపొదల్లో దూరాడు. ఒకరోజు రాయి మీద ఎర్రటి మరక కనిపించింది. వంగి గోకి వాసన చూశాడు. కిళ్ళీ ఉమ్ము. ఆ ఉమ్మినవాడు జగన్నాధమే. సంగతి తెలిశాక వాడు ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు, నా ఉమ్ముకి కూడా మా బావ పరీక్ష పెట్టాడని.

చిన్నతల్లిని అడిగాడు, అన్నం తింటూ.

"షెడ్డోళ్ళు ఆ తొక్కని ఎక్కడికైనా మోసుకెల్తన్నారా?"

"లేదు. ఆళ్ళు ముట్టనైనా ముట్టట్లేదు," అంది ఆవిడ.

అది నిజమే. చిన్నతల్లి అబద్ధమాడే మనిషి కాదు. అంచేత అతనికి అనుమానం ఇంకా పెరిగింది. షెడ్డోళ్ళు పెళ్ళాం కళ్ళు కూడా కప్పుతున్నారంటే ఎంత గుట్టుగా చేస్తున్నారో అనుకున్నాడు.

మృగశిర కార్తె వచ్చింది. ముప్పయి ఆరో రోజు పొద్దున్న ఆకాశం నల్లబడి వాన దంచికొట్టింది. ఆకుమడిలో మొలక జానెడెత్తు లేచి ఉంది. మడి నిండిపోతుందేమో గండి కొడదామని అప్పలసూరి గోనె తలమీద వేసుకుని, పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

మడి మూలన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎర్రటి నీళ్ళు సన్నటి పాయగా మడిలోకి దిగుతున్నాయి. పాయ పక్కన నాలుగు వేళ్ళ వెడల్పున మొలక కొసలు అప్పటికే పసుపురంగులో ఉన్నాయి. రెండు మూడు రోజులుగా పడుతున్న జల్లులకే ఇది మొదలైందన్నమాట. గెడ్డ అరమైలు దూరాన ఉంది. గెడ్డ నీళ్ళు గోడెక్కి రావు. అయితే ఎవడో తెచ్చి పోశాడు. సంతకం పెట్టలేదని తిరుమలరావు కక్ష తీర్చుకుంటున్నాడు.

ముందు పారతో మట్టి ఎత్తి పాయకి అడ్డుకట్ట వేశాడు. నీళ్ళని దారివైపు మళ్ళిద్దామని పార ఎత్తి, ఆగిపోయాడు. దారి కాలువ తిన్నగా గెడ్డలోకే వెళుతుంది. తన కింద రైతులెవరూ లేరు, నిజమే. కానీ తన పొలమే ఉంది. అక్కడే మోకాలిలోతు గొయ్యి తవ్వి నీళ్ళని అందులోకి దింపాడు. ఆ తరవాత పాయ వెంబడి వెనక్కి నడిచాడు. నాలుగడుగులు. అది గత్తం కుప్ప మొదట్లో పుడుతోంది.

కుప్పని పారతో నిలువునా కోశాడు. పైన పేడ, గడ్డి. కింద నల్లగా, మెత్తగా, కుళ్ళిన తొక్క నలుసు. పిడికిట పట్టి పిండితే వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి చారికలు కారాయి. మళ్ళీ పేడ, మళ్ళీ తొక్క. వరసలు వరసలుగా ఉంది. దొంగతనంగా తెచ్చి పోసినవాడు ఒక్కసారే పోసి పారిపోతాడు. ఇది రోజూ పోసింది. ప్రతి తొక్క పొర మీదా బూడిద ఉంది. సన్నగా, ముగ్గేసినట్టు, ఒక వాటంలో.

ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవడానికి అతనికి వేరే పరీక్ష అక్కర్లేకపోయింది.

చిన్నతల్లి చూరు కింద నిలబడి చూస్తోంది. అతను రెండు అరచేతులూ చాపాడు. రెండూ ఎర్రగా ఉన్నాయి.

"ఇదేటి?"

"తొక్క."

"ఎక్కడిది?"

"ఎక్కడిదేటి? డ్రమ్ముల కాడిది. మామిడి తొక్కే కదా. ఏటేటా తెచ్చి కుప్పలో ఎయ్యట్లేదేటి? సాయంకాలం ఖాళీ తట్టతో వొచ్చేమంటావా?"

"నాకు సెప్పలేదేం?"

"నువ్వడిగినావేటి?" అంది చిన్నతల్లి. గొంతు పెంచలేదు. "షెడ్డోళ్ళు ఏటి సేస్తన్నారని అడిగినావు. ఆ పిల్ల ఎవరింట తింటందో అడిగినావు. మా అన్న ఎక్కడ ఉమ్మినాడో కూడా సూసొచ్చినావు. నీ పెరట్లో నానేటి సేస్తన్నానో ఏనాడైనా అడిగినావా?"

ఆవిడే దగ్గరికొచ్చి అతని చేతుల మీద చెంబుతో నీళ్ళు పోసింది. తానొక్కర్తే కాదనీ, గున్నమ్మా మిగతా ఆడవాళ్ళూ అందరూ తెచ్చుకుంటున్నారనీ మెల్లగా చెప్పింది. తొట్టిలోది ముట్టుకోవద్దని ఆ పిల్ల మొదట్లో ఒకసారి చెప్పిందట. పట్నం దొరసాని గనక, చేతులకి మురికంటుతుందని చెబుతోంది కాబోలని వాళ్ళు నవ్వుకున్నారట. నీళ్ళని బాగు చేసిన తొక్క మట్టినీ బాగు చేస్తుందనుకున్నారట.

రంగు పోలేదు. చేతులు ఎంత తోమినా గోళ్ళ మొదళ్ళలో ఉండిపోయింది.

అప్పలసూరి గోనె కప్పుకుని ఊరి మీద పడ్డాడు. ఎవరి గుమ్మంలోకీ వెళ్ళలేదు. పెరళ్ళ వెనక సందుల్లోంచి నడిచాడు. ప్రతి కుప్ప మొదట్లోనూ పాయ. ఒకచోట ఎరుపు, ఒకచోట వంకాయ రంగు. అన్నీ సందు కాలువలో కలిసి బడి ముందునుంచి గెడ్డలోకి జారుతున్నాయి. షెడ్డు మాత్రం వానలో కడిగిన ముత్యంలా ఉంది. ముప్పయి అయిదు రోజులు అతను కాపలా కాసిన చోట ఏమీ లేదు. కాపలా లేని చోటే అంతా ఉంది.

సంతకాల రోజుకి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ అతను తన కుప్పని పొర పొరగా విడదీశాడు. తొక్కంతా ఏరి గోనెల్లో కుక్కి, అరుగు మీద తడవకుండా పెట్టాడు. పసుపెక్కిన మొలకని మట్టితో సహా తవ్వి తీసేశాడు. మడిలో ఓ మూల పోయింది, మిగతాది నిలిచేలా ఉంది. పని చేస్తున్నంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఈ సంగతి బయటపెడితే తిరుమలరావు, చూశారా, పాడు చేసింది రైతులే, అంటాడు. ఊరంతా తన పెళ్ళాం వైపు చూస్తుంది. బయటపెట్టకుండా సంతకం ఎగ్గొడితే, ఎందుకని ఎవరూ అడగరు. అప్పలసూరి కదా, అంతే, అంటారు. కుప్పలు మాత్రం నెలలో పొలాలకి ఎక్కుతాయి. పైనున్న పదకొండు పొలాల్లోది కడిగి కడిగి మళ్ళీ తన మడికే వస్తుంది.

మూడో రోజు సాయంత్రం చిన్నతల్లి, "సెప్తే సెప్పు గానీ నా పేరెత్తకు," అంది.

అతను ఊఁ అన్నాడు.

నలభయ్యో రోజున బడి వరండాలో జనం కూడారు. బల్ల మీద ఒప్పుదల కాయితం, పక్కన కలం. అరుణశ్రీ సీసాల్లో నీళ్ళు వరసగా పెట్టింది. తిరుమలరావు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. అప్పలసూరి తలమీద తట్టతో, చేతిలో బకెట్టుతో వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. బోరింగు కొట్టి బకెట్టు నింపి, బల్ల ముందు పెట్టి, తట్టలోది అందులో గుమ్మరించి కర్రతో తిప్పాడు.

నీళ్ళు ఎర్రబడ్డాయి.

"గెడ్డలోది కాదు," అన్నాడు. "నా గత్తం కుప్పలోది."

తరవాత ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పాడు. తొట్టిలోంచి తొక్క ఊళ్ళోకి వచ్చిందన్నాడు. ఎవరు తెచ్చారో చెప్పలేదు. జనం మొహాలు చూసుకున్నారు. తిరుమలరావు కుర్చీలోంచి లేచాడు.

"విన్నారు కదా. నీళ్ళు మేం బాగు సేసి ఇస్తే, తొట్టిలోది ఎత్తుకుపోయి పాడు సేసుకున్నది మీరు. షెడ్డు మీద ఫిర్యాదు పెట్టినోడి ఇంట్లోనే దొంగ ఉన్నాది."

అప్పలసూరి నోరు తెరిచేలోగా ఆడవాళ్ళలోంచి చిన్నతల్లి లేచి నిలబడింది. చెంగు నడుముకి దోపుకుంది.

"దొంగెవురు, బాబూ? నానే తెచ్చినాను. పగటేల, నీ వాకిట్లోంచి, నెత్తి మీద ఎట్టుకుని తెచ్చినాను. నువ్వు వరండాలో కూకుని సూస్తనే ఉన్నావు. ఎందుకు తీసుకెల్తన్నావే అని ఒక్కనాడు అడిగినావా? నీకు తొట్టి ఖాళీ అవడమే కావాల."

ఆవిడ వెనకనే గున్నమ్మ లేచింది, నానూ తెచ్చినాను అంటూ. ఆ వెనక ఇంకో ఇద్దరు. తిరుమలరావు కూర్చున్నాడు.

అరుణశ్రీ బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని తొక్కని వేళ్ళతో నలిపి చూస్తోంది. లేచి, తప్పు తనదీ ఉందంది. ఎండు తొక్క పట్టిన రంగుని వదలదు గానీ, పేడలో పడి తొక్కే కుళ్ళిపోతే ఇక పట్టుకునేది ఏముంటుంది, వదిలేస్తుంది అంది. ముట్టుకోవద్దని చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు, మీరూ అడగలేదు అంది.

"మీ ఆయన మాత్రం మొదటిరోజే అడిగాడత్తా," అంది చిన్నతల్లితో. "తొక్క ఎటు వెళుతుందని. చూపించాను గానీ కాపలా పెట్టలేదు."

అప్పలసూరి అప్పుడు బల్ల దగ్గరికి వచ్చాడు. ఊళ్ళో ప్రతి కుప్పలోనూ తొక్క ఏరి గోనెల్లో కట్టాలనీ, లారీ వచ్చి పట్టుకుపోయేదాకా ఒక్క తట్ట గత్తం కూడా పొలానికి ఎక్కకూడదనీ అన్నాడు. ఈ ఏటికి గత్తం లేకపోతే లేదు. తొట్టికి రేకు మూత వేసి తాళం వెయ్యాలన్నాడు.

"తాళంచెవి నాకాడుండాల."

తిరుమలరావు నవ్వాడు. తన షెడ్డుకి ఇంకొకడు తాళమేమిటన్నాడు. షెడ్డుకి కాదు, తొట్టికి, అన్నాడు అప్పలసూరి. తొక్క వేసేటప్పుడు వచ్చి తీస్తాను, లారీ వచ్చినప్పుడు వచ్చి తీస్తాను, మళ్ళీ వేసుకుని పోతాను. చివరికి అరుణశ్రీ, ఆ చెవి ఆయన దగ్గరుంటే నేను పట్నంలో నిద్రపోగలనంది. అనడమే కాదు, నిమ్మరసం గ్లాసులు వచ్చినా ఆ పూట తీసుకోలేదు. అప్పలసూరి అది కూడా చూశాడు.

అతను కాయితం రెండుసార్లు చదివాడు. కలం తీసుకుని, ఖాళీగా ఉన్న గీతకి పైన, పల్లెబడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాశాడు: వాడిన తొక్క తొట్టి తాళంచెవి రైతు దగ్గర ఉండును. ఈ ఒప్పుదల ఈ ఒక్క పంటకే. దాని కింద సంతకం పెట్టాడు.

తిరుమలరావు మనిషిని పంపి రేకు మూతా కొత్త తాళమూ తెప్పించాడు. తొట్టి దగ్గరికి అందరూ వెళ్ళారు. తిరుమలరావే మూత దించి గొళ్ళెం వేసి, తాళం నొక్కి, చెవి తీసి అప్పలసూరి చేతిలో పెట్టాడు. అప్పలసూరి దాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు. లాగి చూసుకున్నాడు. ఆ తరవాత కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. చెయ్యి చాపి నిలబడ్డాడు.

"రెండోది?"

తిరుమలరావు అటూ ఇటూ చూసి, చొక్కా జేబులోంచి రెండో చెవి తీసి ఇచ్చాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, పెదాలు బిగబట్టి.

పొద్దు వాలుతుండగా ఇంటి దారి పట్టారు. ముందు చిన్నతల్లి నడుస్తోంది, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని. ఆవిడ పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఖాళీ తట్టతో ఇంటికి రావడం అదే మొదలు. అప్పలసూరి రెండడుగులు వేగంగా వేసి తట్టలోకి తొంగి చూశాడు.

"సూడు, బాగా సూడు," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. "ఇప్పటికైనా ఇంట్లోదాన్ని సూస్తన్నావు."

వెనకాల వస్తున్న జగన్నాధం కిళ్ళీ నములుతూ, గట్టు మీద ఉమ్మబోయి, బావ వైపు చూసి ఆగి, పక్క మళ్ళలోకి ఉమ్మాడు. ఏదో గుర్తొచ్చినట్టు చెప్పాడు. ఇవాళ తాళం తెచ్చిన అంగట్లోనే మొన్న తన పంపు గదికి అదే రకం తాళం కొన్నాడట.

"దానికి మూడు సెవులొచ్చినాయి, బావా."

అప్పలసూరి ఆగిపోయాడు. మొలతాడు తడుముకున్నాడు. రెండే ఉన్నాయి. వేళాకోళమో నిజమో తెలుసుకుందామని జగన్నాధం మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏదీ తేలలేదు.

చిన్నతల్లి నడక ఆపి తట్ట కింద పెట్టి, దాని పక్కన గట్టు మీద కూర్చుంది. ఎంతసేపు పడుతుందో ఆవిడకి తెలుసు.

అప్పలసూరి వెనక్కి తిరిగి షెడ్డు వైపు నడిచాడు.